పేరునకా పండుగ? పనివానికా?

పహాడీ షరీఫు గుట్టపై హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గా యున్నది. పదుమూడవ శతాబ్దమున ఈ దక్కనుసీమకు వచ్చి, ఈ రాతిగుట్టను నెలవుగా జేసికొని, ఇచ్చటనే దేహము చాలించిన ఆ సూఫీ మహనీయుని పేర ఏటేట ఉర్సు జరుగుచుండును. ఆ గుట్టకు కొద్ది మైళ్ల దూరమున 2008 మార్చిలో తెరవబడిన శంషాబాదు విమానాశ్రయ మున్నది. మెట్లెక్కి పైన నిలిచి చూచువానికి ఒకవైపు సమాధిపై కప్పిన చాదరు, ఇంకొకవైపు ఆకాశమునకు లేచు లోహవిహంగములు కనబడును. ఏడువందల యేండ్ల కాలము ఒక్క చూపులో ఇమిడిన చోటది.

ఈ రెంటికిని నడుమ, రాజమార్గముల కిరుప్రక్కల, విందుశాలలును తోటబంగళాలును బారులు తీరినవి. పెండ్లిండ్లే గాక వ్యాపారసంస్థల వార్షికోత్సవములును అచ్చట జరుగుట నేడు పరిపాటి యైనది. మొన్న మా పఠనమందిరమునకు వచ్చు యువకు డొకడు తన చేతిలోని ఆహ్వానమును మాకు జూపెను. సముద్రతరంగములపై పలక నెక్కి సాగువారును, చక్రముల పలకపై వీథుల వెంట దూకుచు పోవువారును ధరించు దుస్తులను విక్రయించు విదేశపు కంపెనీ యొకదాని జన్మదినపు విందట. సంగీతము, నృత్యము, పలకలపై విన్యాసములు, వచ్చినవారికి కంపెనీ గుర్తుగల చొక్కా కానుక. “వకీలుగారూ, స్వదేశి యని మీరు తరచు వ్రాయుదురు గదా. నేనీ విందునకు పోవచ్చునా, పోరాదా? ఒక్కమాట చెప్పుడు” అని యడిగెను. ఒక్కమాటతో ముగియు ఉత్తరము మాకు తోచలేదు. తోచనందుననే ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

మొట్టమొదట ఒక సంగతి స్పష్టపరుపవలెను. ఆట నిర్దోషి. పైగా ఈ అలలయాట మనవంటి పరాధీనజాతి యొకదాని సొత్తు. పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి ద్వీపవాసులు రాజులు మొదలు సామాన్యుల వరకు, స్త్రీ పురుషభేదము లేక, చెట్టుమాను చెక్కిన పలకలపై అలల నెక్కి ఆడుకొనుచుండిరి. 1820లో అచ్చట దిగిన క్రైస్తవ మిషనరీలకు ఆ దిగంబరక్రీడ అనాగరికముగా దోచినది. తెల్లవారితో వచ్చిన రోగములు జనమును హరించినవి. 1893లో చక్కెరతోటల వ్యాపారస్థులును వారి మిత్రులును లిలియొకలాని రాణిని సింహాసనమునుండి త్రోసివైచిరి. 1898లో అమెరికా ఆ ద్వీపములను తనలో కలుపుకొనినది. రాజ్యము పోయినది, ఆటయు క్షీణించినది. ఐనను ఆ జాతిలో పుట్టిన డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో ఈతపందెమున స్వర్ణపతకము గెలిచి, 1914 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ తీరమున పలక నెక్కి అలలపై నిలిచి చూపెను. చూచినవారు ముగ్ధులైరి. ఓడిన జాతి గెలిచిన జాతికి ఆట నేర్పిన వింత యిది. నేడు మన విశాఖ తీరమునను యువకులు అలలపై పలకలు నడుపుచున్నారు. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్ క్రీడలలో అలలయాటకును చక్రముల పలకకును ప్రథమముగా స్థానము లభించినది. కావున ‘పాశ్చాత్యుల వేషము’ అని ఈ యువకులను చిన్నబుచ్చు పెద్దలతో మేము ఏకీభవింపజాలము.

మరి దోష మెచ్చట నున్నది? ఆటకును దుస్తునకును నడుమ దూరిన ‘పేరు’నందు. ఆ పేరు యొక్క జన్మకథయు, దాని తరువాతి కథయు పరిశీలింపుడు.

1966 మార్చి 16న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, అనహైము పట్టణములో, వ్యాన్స్ అను పాదరక్షల అంగడి తెరచిరి. పలకయాటగాండ్రకు ఇష్టమై, తరువాత దుస్తులకును విస్తరించిన ముద్ర యిది. తొలిదినమున వచ్చిన కొనుగోలుదారులు పన్నెండుగురు. అల్మారాలలోని పెట్టెలు ఖాళీవి. వచ్చినవారు కోరిన రంగును చెప్పి పోగా, ఆ అంగడి వెనుకనే యున్న కార్ఖానాలో జోళ్లు తయారయ్యెను. సాయంకాలము తీసికొనవచ్చిన వారికి ఇచ్చుటకు యజమాని వద్ద చిల్లర లేదు. జోళ్లు తీసికొని పొండు, రేపు సొమ్ము తెచ్చి యిండని పంపివేసెనట. మరునాడు పన్నెండుగురును వచ్చి చెల్లించిరట. మేము ఈ కథను ఎన్నిమారులు తలంచుకొన్నను ముచ్చటగనే యుండును. చేసినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు ఒక్క కప్పు క్రింద ఒకరి మొగము నొకరు చూచుకొన్న దినమది. అట్టి దినమునకు ఉత్సవము చేసికొన్నచో తప్పెవ్వరు పట్టగలరు?

కాని 2016లో ఏబది యేండ్లు నిండి లోకమునందలి పలు నగరములలో విందులు జరుగునప్పటికి ఏమి మిగిలెను? 1984లో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టినది. 1990వ దశకము ముగియులోపల అమెరికాలోని తన కార్ఖానాలను మూసినది. 2004లో ఒక పెద్ద వస్త్రసంస్థకు అమ్ముడుపోయినది. వెనుకగదిలోని కుట్టుపనివాడు ఖండాంతరములకు మారిపోయెను. అతని మొగము కొన్నవాడు చూడడు, అమ్మినవాడును చూడడు.

వేరొక దృష్టాంతము. 1969లో ఆస్ట్రేలియాలోని టార్క్వే తీరమున అలన్ గ్రీన్, జాన్ లా అను ఇరువురు మిత్రులు అలలయాటకు తగిన లాగులు కుట్టించి అమ్మసాగిరి. జపాను చిత్రకారుడు హొకుసాయి చిత్రించిన మహాతరంగమును తలపించునట్లు ఒక కెరటమును, ఒక కొండను గుర్తుగా పెట్టుకొనిరి. అదియే క్విక్‌సిల్వర్. 2015లో దాని అమెరికా సంస్థ దివాలా తీసినది. ఋణదాతల చేతికి చేరి, పేరు మార్చుకొన్నది. 2023లో ఆ సముదాయము నంతను, పేర్లను కొని అద్దెకిచ్చుటయే వృత్తిగా గల న్యూయార్కు కంపెనీ యొకటి కొనినది. ఆ పేర్లను అద్దెకు దీసికొని అమెరికాలో అంగళ్లు నడిపిన వేరొక కంపెనీ 2025లో దివాలా తీయగా నూరునకు పైగా దుకాణములు మూతబడినవి. అందు పనిచేయువారు వీథిని బడిరి. పేరు మాత్రము చెక్కుచెదరలేదు! పుట్టించినవారు తొలగిరి, కుట్టినవారు మారిరి, అమ్మినవారు మునిగిరి. మిగిలిన దొక్క గుర్తు. జన్మదినము చేసికొనుచున్నది ఆ గుర్తు.

వకీలువృత్తిలో నుండుటచే మాకొక చట్టపు సంగతి ఇచ్చట స్ఫురించుచున్నది. మనదేశమున వ్యాపారచిహ్నముల చట్టము, భౌగోళిక సూచికల చట్టము రెండును 1999 నాటివి. రెండును 2003 సెప్టెంబరు 15న, ఒక్క దినముననే, అమలునకు వచ్చినవి. కవలలవంటి చట్టములు. కాని వీనికి స్వభావమున ఎంత భేదము! వ్యాపారచిహ్నము యజమాని సొత్తు. పదేండ్ల కొకమారు రుసుము చెల్లించి ఆచంద్రార్కము నిలుపుకొనవచ్చును. కావలసినప్పుడు అమ్మవచ్చును, కుదువ పెట్టవచ్చును. భౌగోళిక సూచిక యట్లు గాదు. పోచంపల్లి ఇక్కతునకు ఆ నమోదు లభించి యిరువది యేండ్లు దాటినది. ఆ పేరును ఎవ్వరును అమ్మరాదు, ఎవ్వరును కొనరాదు, ఎవ్వరికిని బదిలీ చేయరాదని చట్టమే శాసించుచున్నది. ఏలన అది ఆ గ్రామములందలి మగ్గములది. చేయువారు లేక ఆ పేరు లేదు. అమ్ముడుపోవు పేరొకటి, అమ్ముడుపోరాని పేరొకటి. ఈ తారతమ్యమును మన యువకులు గుర్తించినచో సగము సమాధానము లభించినట్లే.

ఇక రెండవ సగము. జన్మదినపు పందిరిలో కనబడనివారు కుట్టుపనివారు. వారికిని కొన్ని వార్షికదినము లున్నవి. 1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ అను చొక్కాల కార్ఖానాలో నిప్పంటుకొనగా, తలుపులు తాళము వేసియుండుటచే 146 మంది మడిసిరి. అధికసంఖ్యాకులు వలసవచ్చిన బాలికలు. 2013 ఏప్రిలు 24న ఢాకా చెంత రానా ప్లాజా అను భవనము కూలి 1,134 మంది కుట్టుపనివారు ప్రాణములు కోల్పోయిరి. ముందటి దినముననే గోడలు బీటలు వారినవి. క్రింది అంతస్తులోని బ్యాంకును, అంగళ్లను మూసిరి. పైయంతస్తుల కుట్టుపనివారిని మాత్రము జీతము కోయుదుమని బెదరించి లోనికి పంపిరి. శిథిలములలో ప్రసిద్ధముద్రలు గల దుస్తులు దొరకినవి. ఆ దినమున ఏ విందును జరుగదు, ఏ చొక్కాయు కానుకగా పంచబడదు.

పరదేశపు కథలని ఊరకుండవలదు. 2022లో మన అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థికమండలమున, జూన్ నెలలో ఒకమారు, ఆగస్టులో మరియొకమారు, విషవాయువు సోకి వస్త్రకర్మాగారపు స్త్రీలు వందలకొలది ఆసుపత్రుల పాలైరి. ఓరుగల్లు చెంత కాకతీయ వస్త్రోద్యానమున క్రీడాదుస్తులు కుట్టుటలో పేరొందిన కొరియాదేశపు యంగ్‌వన్ సంస్థయు, శిశువుల దుస్తులను అమెరికాకు పంపు కేరళ వారి కైటెక్స్ సంస్థయు కర్మాగారములు పెట్టినవి. శంషాబాదునకు పొరుగున షాబాదు మండలములో చందనవెల్లి, సీతారాంపురముల వైపునను వస్త్రపరిశ్రమలు విస్తరించుచున్నవి. జీవనోపాధి వచ్చుట మంచిదే, ఆహ్వానింపవలసినదే. కాని దీనివలన స్వదేశి ప్రశ్న తారుమారైనది. మన తాతలు ‘ఈ బట్ట ఏ దేశముది?’ అని యడిగిరి. లాంకషైరు అని ఉత్తరము రాగా నిప్పులలో వైచిరి. నేడు విదేశపు ముద్రగల చొక్కాను మన చెల్లెలే కుట్టియుండవచ్చును. మన పేరు గల చొక్కాను మరియొక దేశపు చెల్లెలు కుట్టియుండవచ్చును. దేనిని తగులబెట్టుదుము? తగులబెట్టినచో ఎవరి చెమట తగులబడును? కావున నేటి స్వదేశివ్రతుడు ‘ఎచ్చటిది’ అను ప్రశ్నతో నిలువరాదు. ‘ఎవరు చేసిరి, వారికేమి దక్కెను?’ అనియు నడుగవలెను.

ఈ ప్రశ్నను విదేశీయులపై సంధించుటకు ముందు మనవైపు త్రిప్పుకొనవలసి యున్నది. సత్యము పలుకుట పత్రికాధర్మము గదా. మనకును ఒక వస్త్రపు వార్షికోత్సవ మున్నది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశి వ్రతము పట్టినారు. ఆ యుత్సాహము 1907లో బిపినచంద్రపాలు రాకతో మన తీరమునకు వచ్చినది. బందరులో జాతీయకళాశాలగా రూపొందినది. అచ్చట పుస్తకముతోపాటు మగ్గమును బోధించిరి. ఆ ఆగస్టు 7ను 2015లో కేంద్రప్రభుత్వము జాతీయ చేనేత దినముగా ప్రకటించినది. నాటినుండి ఏటేట సభలు, ప్రదర్శనలు, మంత్రుల భుజములపై కండువాలు. మంచిదే. కాని 2020లో, ఆ దినమునకు రమారమి పదిదినములు ముందుగా, 1992 నుండి నేతగాండ్ర మాట ప్రభుత్వముచెవిని వేయుచున్న అఖిలభారత చేనేత మండలిని రద్దు చేసిరి. 1985లో చేనేతకు ప్రత్యేకించిన వస్త్రముల చట్టము చేసిరి. 1993లో సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ఐనను మరమగ్గముపై నేసిన బట్ట చేనేత పేరున అంగళ్లలో అమ్ముడగుచునే యున్నది. 2009–10లో 43 లక్షలకు పైబడిన చేనేత శ్రామికులు 2019–20 గణన నాటికి 35 లక్షలకు దిగజారిరి. ఆ గణనలోనే మూడింట రెండువంతుల నేతకుటుంబముల నెలరాబడి అయిదువేల రూపాయలకు లోపని తేలినది. అన్నిటికంటె సిగ్గుపడదగిన సంగతి: భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీమహాత్మునికి సమర్పించిన పతాకము నూలువడికిన చేతులకు గౌరవముగా ఖద్దరు జెండాగా నిలిచినది. 2021 డిసెంబరులో నిబంధన సవరించి, యంత్రముపై తయారైన పాలియస్టరు గుడ్డతోను ఆ జెండా చేయవచ్చుననిరి.

చదువరులారా! ఆ తోటబంగళాలోని విందునకును, మన ఆగస్టు 7 సభలకును భేద మేమి? అచ్చట పేరునకు పండుగ, పనివానికి పిలుపు లేదు. ఇచ్చటను పేరునకు పండుగ. పనివానికి పిలుపున్నను పీట లేదు. వేదికపై శాలువ కప్పించుకొన్న నేతగాడు మరునాడు నూలు ధరకై, సంఘము చెల్లింపవలసిన బాకీకై తిరుగుచున్నాడు. మన దీపముక్రింది చీకటిని చూడక పొరుగువాని దీపమును ఆర్పబోవుట వివేకము గాదు.

మరి వార్షికోత్సవ మెట్లుండవలెను? దూరము పోనక్కరలేదు, ఆ గుట్ట నెక్కి చూడుడు. ఉర్సు అను అరబ్బీమాటకు పెండ్లి యని యర్థము. మహనీయుడు పరమాత్మను చేరిన దినమును భక్తులు పెండ్లిగా జరుపుకొందురు. హిందువులు, ముస్లిములు మెట్లెక్కుదురు. మ్రొక్కు దీర్చుకొనువారు గుట్టక్రింద పొయ్యిలు పెట్టి వండుదురు. వండినవారును, వడ్డించినవారును, తిన్నవారును అచ్చటనే ఒకరినొకరు చూచుకొందురు. ఆహ్వానపత్రిక లేదు. ఆ పేరు ఎవ్వరికిని అద్దెకు పోలేదు. ఏడువందల యేండ్లుగా ఆ ఉత్సవమును నిలిపినది పేరు గాదు, పెట్టిన అన్నము. తొలిదినమున అనహైములోని అంగడియు ఇట్టిదే గదా! చిల్లర లేకున్నను జోళ్లిచ్చి పంపిన నమ్మకమే ఆ కంపెనీ మూలధనము. ఆ నమ్మకము పోయి ముద్ర మిగిలినప్పుడే విందునకు ఇంత విద్యుద్దీపముల వెలుతురు కావలసి వచ్చినది.

ఆటకైనను కావలసినది విందు గాదు, చోటు. మధ్యప్రదేశమున జన్వార్ అను పల్లెలో 2015లో పలకయాటకు సిమెంటు చట్టమొకటి కట్టిరి. బడికి పోనివానికి పలక లేదు. ఆటలో బాలికలకే అగ్రతాంబూలము. ఈ రెండే నియమములు. గిరిజనుల బిడ్డలును, ఇతర కులముల బిడ్డలును ఒక్క పలక పంచుకొని యాడిరి. ఆ పల్లెపిల్లలు అంతర్జాతీయ పోటీల వరకు పోయిరి. పహాడీ షరీఫు చుట్టునున్న వాడలలో జర్దోజీ చట్టముల ముందు నడుములు వంచి కూర్చుండు కుటుంబముల బిడ్డలకు ఆడుకొన చోటెంత గలదు? ఒక్క రాత్రి విందునకగు వ్యయముతో అట్టి చోటొకటి కల్పించిన కంపెనీ యున్నచో, దాని జన్మదినమును ఊరంతయు చేయును. అట్టి దానిని ‘విదేశీ’ యని మేము నిందింపబోము.

ఇక ఆ యువకునకు మా సమాధానము. నాయనా, పొమ్ము. పలక నెక్కుము, పడినచో లెమ్ము, యౌవనమునకు అది శోభయే. కాని కానుకగా ఇచ్చిన చొక్కాను తొడుగుకొనుటకు ముందు మెడవెనుక నున్న చిన్నచీటిని చదువుము. దానిపై దేశము పేరుండును, మనిషి పేరుండదు. ఆ విందు పెట్టువారిని మర్యాదగా అడుగుము: “అయ్యా, ఈ చొక్కా కుట్టినవారెవరు? వారి కూలి యెంత? ఈ విందునకు వారు రాలేదేమి?” పదిమంది యడిగినచో నవ్వుదురు. వందమంది యడిగినచో వినుదురు. వేలమంది యడిగినచో ఉత్తరము చెప్పకతప్పదు. రానా ప్లాజా తరువాత ఢాకా కార్ఖానాలకు భద్రతాపరీక్షలు జరుపుటకు కంపెనీలు ఒడంబడిక వ్రాసికొన్నది దయచే గాదు; లోకము ముక్తకంఠముతో అడిగినందుననే.

ఆ ప్రశ్నను అచ్చటనే విడిచి రాకుము. ఆగస్టు 7న మన సభకును దానిని తీసికొనిరమ్ము. మా వంతుగా ఈ పత్రిక పాఠకులకొక సూచన చేయుచున్నది. ప్రతి పట్టణమునను పఠనమందిరమువారు ఈమారు ఉపన్యాసములు తగ్గించి, దగ్గరి నేతసంఘమువారిని అతిథులుగా గాక ఆతిథేయులుగా వేదికపై కూర్చుండబెట్టవలెను. సంఘమునకు ప్రభుత్వము పడిన బాకీ యెంతో, నూలు ధర యెంతో, చీర కొకదానికి కూలి యెంతో బల్లపై వ్రాసి చదివించవలెను. వకీళ్లమైన మేము చేనేత పేరున మరమగ్గపు బట్ట నమ్ముచోట్ల 1985 నాటి చట్టము ననుసరించి ఫిర్యాదులు వ్రాసిపెట్టవలెను. న్యాయవాదియై యుండి నేతగాండ్ర సహకారసంఘములకు జీవితమును ధారవోసిన కొండా లక్ష్మణ్ బాపూజీ చూపిన త్రోవ యిది. నిడుబ్రోలులో ప్రగడ కోటయ్య నడచిన త్రోవయు నిదియే. వారు పండుగలు చేయలేదు, లెక్కలు అడిగిరి.

పేరు అమ్ముడుపోవచ్చును, అద్దెకు పోవచ్చును, దివాలా తీసి మరల లేవవచ్చును. చేయి అట్లు లేవజాలదు. నేసిన చేతికి, కుట్టిన చేతికి విస్తరి వేసిన దినమే వస్త్రమునకు నిజమైన జన్మదినము. అంతవరకు ఎవ్వరి పందిరిలో వెలుగు మిరుమిట్లు గొలిపినను, ఆ పందిరి మనదైనను సరే, అందు ఒక పంక్తి ఖాళీగా నున్నదని చెప్పుట మన విధి.